లక్కమ్మ చూపిన కొలత

ఇంటిలో ఒక తల్లి లింగైక్యమైన పిదప బంధువులందరును తప్పక చెప్పుకొను మాట ఒకటి కలదు. "ఆమె గడప తొక్కినవాడు ఆకలితో మరలలేదు" అందురు. ఇది పెద్ద ప్రశంసయే. కాని స్మరణ ఇంతటితో ముగిసినచో ఆ తల్లిని మనము సగమే తెలిసికొన్నవారమగుదుము. పెట్టిన ఆమె చేయి మనకు గుర్తున్నది; ఏది పెట్టదగినది, ఏది తేదగినది అని నిర్ణయించిన ఆమె బుద్ధి గుర్తులేదు. భక్తికి, సంసారమునకు, పరసేవకు బ్రతుకును అర్పించిన స్త్రీని స్మరించుట యనగా ఆమె ఓర్పును పొగడుటయా? ఆమె వివేకమును అనుసరించుటయా?

ఈ ప్రశ్నకు ఆయ్దక్కి లక్కమ్మ జీవితమే సమాధానము. ఆమె 12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుని చెంత చేరిన శరణులలో నొకతె. నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. కన్నడమున "ఆయ్దక్కి" యనగా ఏరిన బియ్యమని అర్థము. దానిని వండి జంగమదాసోహము గావించుట ఆ దంపతుల నిత్యవ్రతము. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంతటి ఆశ భక్తునికి తగదని చెప్పి, అధికమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఆ బియ్యము దొంగిలించినది కాదు. తమ కడుపుకొరకు దాచినదియు కాదు. మిగిలినచో మరి నలుగురికి పెట్టవచ్చును గదా! పరులకొరకైన ఆశ కూడ ఆశయేనా?

లక్కమ్మ దృష్టిలో ఆశయే. ఏలయన, ఆశ ఎన్నడును తన పేరుతో రాదు. పిల్లల పేర, ధర్మము పేర, దేవుని పేర వచ్చును. నేడు సేవకని ఎక్కువ తెచ్చిన మనసు, రేపు ఎక్కువ లేనిదే సేవ జరుగదని నమ్మును. అప్పుడు కాయకము చిన్నదిగను, సంపాదన పెద్దదిగను తోచును. దాసోహమున మనము అర్పించునది పదార్థమును మాత్రమే కాదు, మన శ్రమను. దీనిని పిసినారితనమని పొరబడరాదు. పిసినారి ఇతరులకు పెట్టుటలో కొలత చూచును. లక్కమ్మ తాము గైకొనుటలో కొలత చూచెను.

మరియొక విశేషము గమనింపదగినది. అనుభవ గోష్ఠిలో మునిగి మారయ్య కాయకమును మరచినప్పుడు హెచ్చరించినదియు ఆమెయే. పతిభక్తి యనగా పతి పొరపాటునకు మౌనముగ తలయూపుట కాదని ఆ ఇల్లాలు ఎరుగును. మారయ్య దానిని అవమానముగ తలపక విని ఆచరించెను. కైలాసమును కాయకమునందే దర్శించిన భావము ఆయన వచనమున కలదన్న, ఆ దాంపత్యము ఎంతటి గురుకులమో ఊహింపవచ్చును. లక్కమ్మ వచనముల అంకితము "మారయ్యప్రియ అమరేశ్వరలింగ". అందు భర్త పేరు కలదు, దైవము పేరు కలదు. పలికిన వివేకము మాత్రము ఆమెది.

ఇక మన ఇండ్ల సంగతి. తల్లి పేర శివగణారాధన జరుపుచు, పొరుగువారికంటె తక్కువ కారాదని అప్పు చేయువారు కలరు. బ్రతికినంతకాలము అందరి తరువాత అన్నము తిన్న ఆమె, పిల్లలు తన పేర అప్పు తీర్చుచుండుటను కోరునా? ఆమె ఆఖరున తినుటను త్యాగమని కీర్తించుచు, అదే పీటను నేడు కోడలికి వేయుట స్మరణ యగునా?

కావున తల్లి ఆరాధన నాడు మన కష్టార్జితములో చాలినంతయే వండుదము. వండుటలోను వడ్డించుటలోను పురుషులును చేయి కలుపుదురు గాక. వండిన ఇల్లాండ్రను ముందుగ కూర్చుండబెట్టుదము. ఇంటి ఆడపడుచు "ఇది మనకు అధికము" అన్ననాడు ఆ మాటను విందము. మారయ్య విన్నాడు గనుకనే లక్కమ్మ కొలత ఆ ఇంట నిలిచినది.