నాలుగు వందల అడుగుల కట్టుబాటు

అనంతపురం సీమలో రాళ్ల గుట్టల నడుమ ఒక ఊరుండేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. సగటంటే పడిన ఏళ్లనూ పడని ఏళ్లనూ కలిపి కట్టిన లెక్క. ఆ ఊళ్లో ఒక కుంట, దాని కింద నాలుగు దిగుడు బావులు. బావిలో ఎన్ని మెట్లు బయటపడ్డాయో చూసి పంట పెట్టేవాళ్లు. అయిదు మెట్లు కనిపిస్తే వరి, పది కనిపిస్తే రాగి, అంతకు మించితే శెనక్కాయ విత్తి మబ్బుకేసి చూడడం. ఎవరి బావిలో ఎంతుందో ఊరందరికీ తెలుసు. దాచుకోవడానికి లేదు, గొప్పలు పోవడానికీ లేదు.

తర్వాత బోరు లారీ వచ్చింది.

కుంట కింద పెద్ద చేను ఉన్న ఆసామి మొదట బోరు వేయించాడు. 150 అడుగులకే రెండంగుళాల నీళ్లు పడ్డాయి. అయిదెకరాల్లో చీనీ నాటాడు. తోట కాపుకొచ్చిన ఏడాది మండీ వ్యాపారి కారేసుకొని ఇంటికే వచ్చాడు. గట్టు అవతలి రైతు అది చూశాడు. తానూ చీనీ పెట్టి 250 అడుగుల బోరు వేశాడు. కొన్నాళ్లకు ఆసామి బోరు సన్నగిల్లింది. ఆసామి 350కి దిగాడు. అవతలి బోరు ఆగి ఆగి పోయసాగింది. అతను 400 దాటాడు.

"ఉన్నదాంట్లో కొర్రో, శెనక్కాయో పెట్టుకుంటే పోదా? ఎందుకయ్యా ఈ అప్పులు?" అంది అవతలి రైతు భార్య.

"నేను ఆగితే ఆయప్ప ఆగుతాడా? నా చేని కింది నీళ్లు గూడా ఆయప్పే లాగేస్తాడు."

ఆసామి ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరిలో తెలివితక్కువవాడు ఎవరూ లేడు. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. రెండు లెక్కలూ కలిస్తేనే ఊరి కొంప మునిగేది.

అవతలి రైతుకు అంత డబ్బు ఎక్కడిది? మండీ వ్యాపారిది. ఈ ఏటి కాపు చాలకపోతే వచ్చే ఏటిది, అదీ చాలకపోతే ఆ పై ఏటిది రాసిచ్చాడు. చెట్టు పూత పట్టకముందే కాయ అమ్ముడైపోయేది. అంతలో వరసగా రెండేళ్లు వాన మొండికేసింది. బోర్లు నీళ్లకు బదులు గాలి కక్కాయి. చెట్టు మీదున్న నాలుగు కాయలూ మండీ వ్యాపారి అప్పు కింద తూకం వేసుకుపోయాడు. తీరని బాకీ కూలోళ్లది. కలుపు తీసినవాళ్లకు, పాదులు చేసినవాళ్లకు వారాల తరబడి కూలి నిలిచిపోయింది. కొందరు బెంగుళూరు బస్సెక్కారు. పోలేనివాళ్లు రచ్చకట్ట కాడికొచ్చారు.

పంచాయితీ కూర్చుంది. ఉపాయం ఆసామే చెప్పాడు. "ఇంగమీద ఎవురూ నాలుగు నూర్ల అడుగులు దాటగూడదు. అందరికీ ఒకే కట్టుబాటు." ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంది. అందరూ తలలూపారు. కుంటలోకి నాలుగు చుక్కలు చేరితే చాలు, ముందు ఊరేది ఆసామి బోర్లేనని ఆ పూట ఎవరికీ తట్టలేదు.

మరుసటి ఏడు కొద్దిగా వాన పడింది. అవతలి రైతు కట్టుబాటు మీరలేదు. 390 అడుగుల బోర్లు మూడు వేశాడు. మూడూ హద్దులోపలే, మూడూ అప్పుతోనే. కూలి మళ్లీ నిలిచిపోయింది.

ఊరికి ఎగువన మెరక చేను ఉన్న కుర్రాడొకడు అప్పటిదాకా బోరు జోలికి పోలేదు. పెళ్లయినాక ధైర్యం చేసి వేశాడు. 400 అడుగులకూ దుమ్మే లేచింది. రచ్చకట్ట కాడికొచ్చి అడిగాడు. "మీరు తోడకముందు మా చేన్లో నూరడుగులకే నీళ్లుండె. అంతా తోడుకున్నాక ఈ కొలత పెట్టినారు. ఇది నీళ్లను కాపాడేదా, మీ బోర్లను కాపాడేదా?"

ఆసామి పలకలేదు. కూలి రావలసిన ఆడమనిషి ఒకతె లేచింది. బడికాడి వర్షమాపకం చూసి రోజూ పుస్తకంలో రాసే పని ఆమెదే.

"ఎంత లోతుకు పోయినారో కొలిచినారు. ఎంత వాన దిగిందో కొలిచినారా? నా పుస్తకంలో ఉంది, ఒక్కరూ సూడను రాలేదు. ఈ ఏడు పడింది మూడు నూర్ల మిల్లీమీటర్లు. మీరు పెట్టిన పంటలకు దానికి రెండింతలు కావాల. హద్దు అడుగుల్లో లేదు మామా, ఈ పుస్తకంలో ఉంది."

చాలా రోజులు వాదించుకున్నారు. చివరికి బడి గోడ మీద మూడు మాటలు రాశారు. రబీకి ముందు వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, దాన్ని బట్టే పంట పెట్టాలి. మండీ అప్పు కన్నా ముందు కూలి తీరాలి. కొత్త బోర్లు ఎవరూ వేయరాదు, నీళ్లున్నవాళ్లు లేనివాడికి తడి ఇవ్వాలి.

మూడో మాట దగ్గర ఆసామి అడ్డం తిరిగాడు. "నా దుడ్డుతో బోరు వేసుకున్నా. నేనెందుకిచ్చేది?"

"బోరు నీదే మామా. నీళ్లు మాత్రం నీ చేన్లో పుట్టలా. ఆ పిల్లోని మెరక మీద పడిన వాన ఇంకి నీ కాడికి దిగింది. వాడు గట్లేసి నిలబెడితేనే నీ బోరు పోసేది. రేపు వాడు చేను బీడుపెట్టి పోతే నీకు మిగిలేది ఉత్త గొట్టమే."

ఆసామి మనసు కరగలేదు కానీ లెక్క అర్థమైంది. పైపు ఇచ్చాడు. అతని చీనీ అయిదెకరాల నుంచి మూడుకు దిగింది. కుర్రాడు ఎకరాలో టమోటా పెట్టి, మిగతా చేనంతా గట్లు కట్టాడు. అవతలి రైతు అప్పు తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఊళ్లో ఎవరూ కోటీశ్వరులు కాలేదు. కూలి మాత్రం వారం వారం చేతికందింది.

నీతి: ఖర్చుకు హద్దు పెట్టేవాడు ముందు రాబడిని కొలవాలి. కొలిచాక, ఆ రాబడి ఎవరి నేల మీద పడి వచ్చిందో ఒప్పుకోవాలి.

ఈ నీతి చేలకెంత వర్తిస్తుందో ఫుట్‌బాల్ క్లబ్బులకూ అంతే వర్తిస్తుంది. పక్క క్లబ్బు ఒక మేటి ఆటగాణ్ణి కొంటే మన క్లబ్బు కొనకుండా కూర్చోలేదు. పట్టికలో ఒకరు పైకెక్కితే ఇంకొకరు దిగక తప్పదు కాబట్టి, పందెం నుంచి తప్పుకున్నవాడికి మెప్పు దక్కదు, ఓటమే దక్కుతుంది. ఇంగ్లండులోని లీడ్స్ యునైటెడ్ 2001లో యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఊపులో రాబోయే సీజన్ల టికెట్ల రాబడిని తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. మళ్లీ ఆ పోటీకి అర్హత రాలేదు. ఆటగాళ్లను ఒక్కొక్కరినే అమ్ముకుంది. 2004లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2007లో రెండో అంచె నుంచి కూడా దిగిపోయింది. పూత పట్టని చెట్టు కాయను అమ్ముకున్న రైతు కథ ఇదే.

లోతుకు హద్దు పెట్టి నీళ్లను కొలవకపోతే ఏమవుతుందో చూడాలంటే ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, గచ్చిబౌలి స్టేడియం చాలు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా ముగిసిన ఫైనల్‌ను పెనాల్టీల్లో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ లీగ్‌లో ఖర్చుకు హద్దు లేదనుకోకండి. క్లబ్బు తన జట్టు జీతాలకు సీజన్‌లో 16.5 కోట్ల రూపాయలు మించి పెట్టకూడదన్నది అప్పటి నియమం. అన్ని క్లబ్బులకూ అదే కొలత. అయినా, కప్పు గెలిచిన రెండేళ్లు తిరిగేసరికి ఆటగాళ్ల జీతాలు బకాయి పడ్డాయి. కొత్తవాళ్లను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అడుగున నిలిచింది. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పైహద్దు దాటొద్దన్న నియమం, హద్దులోపలి జీతాలనైనా ఇచ్చే రాబడి క్లబ్బుకు ఉందా అని అడగదు. 390 అడుగుల బోర్లు మూడు వేసిన రైతును కట్టుబాటు ఆపలేకపోయింది అందుకే.

రాబడిని కొలిచే ప్రయత్నం యూరప్‌లో జరిగింది. వచ్చినదానికి మించి ఖర్చు పెట్టరాదన్న నియమాన్ని యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ 2009లో ఆమోదించింది. 2022లో దాన్ని మార్చింది. ఆటగాళ్ల జీతాలు, బదిలీల ఖర్చు, ఏజెంట్ల ఫీజులు కలిపి క్లబ్బు రాబడిలో ఇంత శాతం మించకూడదని చెప్పింది. 2023-24కు 90 శాతం, మరుసటి ఏడు 80, 2025-26 నుంచి 70.

ఎప్పుడు కొలుస్తారన్నది కూడా ముఖ్యమే. స్పెయిన్ లా లీగాలో సీజన్‌కు ముందే ప్రతి క్లబ్బుకూ దాని ఖర్చు హద్దు చెబుతారు. మించితే ఆటగాణ్ణి నమోదు చేసుకోనివ్వరు. 2021 ఆగస్టులో బార్సిలోనా మెస్సీని వదులుకున్నది ఆ గుమ్మం దగ్గరే. ఇంగ్లండులో ఖర్చయిపోయాక కొలిచారు. మూడేళ్ల నష్టం హద్దు దాటితే శిక్ష పడేది, ఆ హద్దు గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు. అలా 2023-24లో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోసి, అప్పీలులో 6కు తగ్గించి, ఇంకో కేసులో మరో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. తప్పు చేసింది పాత ఖాతా, పాయింట్లు పోగొట్టుకున్నది ఆ రోజు మైదానంలో ఉన్న జట్టు. విత్తకముందు కొలిస్తే రైతు పంట మార్చుకోగలడు. ఎండాక కొలిస్తే జరిమానా కట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇక మెరక చేను కుర్రాడి ప్రశ్న మిగిలింది. దాన్ని దాటవేసే నియమాలే ఎక్కువ. 70 శాతం అన్నది అందరికీ ఒకటే. కానీ 2023-24లో రియల్ మాడ్రిడ్ రాబడి 100 కోట్ల యూరోలు దాటింది. అందులో 70 శాతమూ, చిన్న ఊరి క్లబ్బు రాబడిలో 70 శాతమూ ఒకే మైదానంలో తలపడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నియమం పెద్ద క్లబ్బును దివాలా నుంచి కాపాడుతుంది, చిన్న క్లబ్బు నుంచి కూడా కాపాడుతుంది. ఈ విమర్శలో నిజముంది. అలాగని నియమం ఎత్తేస్తే మళ్లీ బోరు లారీయే. దారి గోడ మీది మూడో మాటలో ఉంది. ప్రీమియర్ లీగ్ 1992లో మొదలైనప్పటి నుంచి దేశంలోని టీవీ డబ్బులో సగం అన్ని క్లబ్బులకూ సమానంగా పంచుతోంది. ఆటగాడు వేరే దేశపు క్లబ్బుకు అమ్ముడైతే ఆ ధరలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు చేరాలన్నది ఫిఫా నియమం. అది దానం కాదు. ఎగువ చేను మీద పడి ఇంకిన వానకు ఇచ్చే బాకీ.

ఆ బాకీ అనంతపురానికీ వర్తించగలదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ నడిపే క్రీడాగ్రామంలో కరువు పల్లెల పిల్లలు బంతి తన్నడం నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఒకరు రేపు పెద్ద జట్టులో ఆడితే, ఆ జట్టు దగ్గర ఊరిన నీళ్లలో కొంత ఈ మెరకదే.

పై ఊరు కల్పన. దాని లెక్క కల్పన కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరుకూ బోరుకూ మధ్య దూరం, అనుమతి అడిగింది. 2003 నుంచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. అందులో జరిమానాల్లేవు, పోలీసుల్లేరు. లెక్క మాత్రం అందరి కళ్లెదుట ఉంది. చూసిన చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు.

తెలుగు నేల మీద రేపు మరో పెద్ద క్లబ్బు పుడితే, ఎవరిని ఎంతకు కొంటున్నారని అడిగే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగాలి. సీజన్ మొదలయ్యే ముందే మీ రాబడి లెక్క అందరికీ చూపించారా? ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను అప్పులవాళ్ల కన్నా ముందు పక్కన పెట్టారా? మీకు ఆటగాళ్లనిచ్చే ఊరి మైదానాలకు మీరేమిస్తున్నారు? మూడింటికీ జవాబు లేని క్లబ్బు కప్పు గెలిచినా దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.