పులిసిన ఆహారం, శుచి విచారం

పులిసిన పదార్థం తిన్న మనిషికి గుండెల్లో మంట, పులితేన్పులు, కడుపుబ్బరం కలిగితే దోషం ఆ పదార్థానిదా, తిన్న దేహానిదా, తిన్నవాని చిత్తానిదా అన్నది వైద్యులకు ఎంత ప్రశ్నో ధర్మమీమాంసకులకూ అంత ప్రశ్నే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, అదీ తప్పే ఏళ్లతో బతికే అనంతపురం పీఠభూమిలో ఇది పండితుల కాలక్షేపంగా మిగలదు. ఇక్కడి మెట్టపల్లెల్లో రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్దను నీళ్లలో వేసి ఉంచి, తెల్లవారాక ఆ పులిసిన నీటితోనే చేత్తో పిసికి, మజ్జిగా ఉప్పూ కలిపి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ అంబలిగా తాగి చేనికి పోవడం తరాల నాటి అలవాటు. వంటచెరకు కరువైన చోట ఒక పొయ్యితో రెండు పూటలు గడిపే ఉపాయమూ అదే.

భగవద్గీత 17వ అధ్యాయం కారం, పులుపు, ఉప్పు వంటివాటిని రాజసులకు ఇష్టమైన, దుఃఖాన్నీ రోగాన్నీ కలిగించే ఆహారాలుగానూ, పర్యుషితాన్ని తామసులకు ఇష్టమైనదిగానూ చెప్పింది. పర్యుషితమంటే వండిన తరువాత ఒక రాత్రి గడిచినదని శంకరుల వివరణ కాబట్టి, అక్షరార్థంలో రైతు చద్ది తామసమే. అయితే అదే భాష్యం ‘అతి’ అనే మాటను వేడికే కాక కారం, పులుపు మొదలైన వాటన్నిటికీ అన్వయించుకోవాలని చెప్పడం వల్ల పులుపుకు నింద తప్పి, పులుపు మితిమీరడానికే నింద మిగిలింది. లేకుంటే చింతపండు పులిహోర దేవుని ముందు నైవేద్యంగా నిలిచేదే కాదు. చద్దికి మాత్రం అలాంటి సడలింపు అక్కడ దొరకదు.

సడలింపు దొరికేది మనుస్మృతిలో, అదీ విచిత్రమైన రీతిలో. అయిదవ అధ్యాయం శుక్తాలను, అంటే నిలవవల్ల పులిసినవాటిని, నిషేధిస్తూనే పెరుగును, పెరుగునుంచి పుట్టినవాటిని, మంచి పూలు, దుంపలు, పండ్లతో పులియబెట్టినవాటిని మినహాయించింది. మరికొంత ముందుకు పోయి యవలు, గోధుమలతో చేసినవి, పాల వికారాలు చాలాకాలం నిలవున్నా తినదగినవేనంది. ఈ లెక్కన నేడు అజీర్తికి మందని ప్రచారమవుతున్న, పండు రసంతో తయారయ్యే ఆపిల్ సిడర్ వినెగర్‌కు స్మృతి అనుమతి సులభంగా దొరుకుతుంది, రాగి అంబలికి దొరకదు. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి దక్షిణాది మెట్టల్లో స్థిరపడిన రాగి, యవలూ గోధుమలూ పండే నేలను దృష్టిలో పెట్టుకున్న ఆ జాబితాలో చేరలేదు. ఏ నేలలో ఏది చెడకుండా నిలుస్తుందో అదే శుచి అయిందని ఆ మినహాయింపులే తెలుపుతున్నప్పుడు, న్యాయం ప్రకారం రాగికీ ఆ గౌరవం దక్కాలి. దక్కకపోవడం స్మృతికారుని భూగోళపు పరిమితే గాని రైతు గుణలోపం కాదు.

జైనుల నియమం ఇంకా కఠినం. రుచి మారిన ఆహారాన్ని చలితరసమని పిలిచి, అందులో సూక్ష్మజీవులు పుడతాయన్న కారణంతో వారు దానిని విడిచిపెడతారు. ఇక్కడ దోషం తిన్నవాని కడుపుకు కాక, కంటికి కనిపించని ప్రాణులకు జరిగే హింసకు సంబంధించినది. గుంతకల్లు ప్రాంతంలోని కొనకొండ్లలో పుట్టాడని పలువురు భావించే కుందకుందాచార్యుడు సమయసారంలో మరో మెట్టు ఎక్కి, వస్తువును ఆశ్రయించి సంకల్పం పుట్టినా కర్మబంధం కలిగేది వస్తువువల్ల కాదని, అధ్యవసానం వల్లనే, అంటే మమకారంతో కూడిన చిత్తనిశ్చయం వల్లనే అని నిర్ణయించాడు. అతని మాట ప్రకారం అంబలి కుండను చూసి ఏవగించుకునేవాని చిత్తం కూడా విచారణకు రావలసిందే.

వినెగర్ పట్ల నేటి భక్తికీ ఈ చూపు వర్తిస్తుంది. పండు రసంలోని చక్కెరను ఈస్ట్ మద్యంగా మార్చితే, బ్యాక్టీరియా ఆ మద్యాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. సీసాలోని ద్రవంలో ఆ ఆమ్లం సుమారు 5 శాతం. మద్యం తనంతట తాను వినెగర్‌గా మారితే ధర్మసమ్మతమేనని ఇస్లాం న్యాయశాస్త్రం ఒప్పుకున్నది ఈ మార్పునే. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం దీనికంటే చాలా తీవ్రమైనది గనుక, ఆమ్లం తక్కువైందని వినెగర్ తాగి సరిచేసుకోవచ్చన్న ప్రచారం నిలవదు. 2007లో స్వీడన్ పరిశోధకులు, మధుమేహంతో జీర్ణాశయం నెమ్మదించిన 10 మందికి ఆపిల్ సిడర్ వినెగర్ ఇచ్చి చూస్తే, కడుపు ఖాళీ కావడం మరింత ఆలస్యమైంది. ఉబ్బరంతో బాధపడేవారికి ఇది మేలు కాదు. పులుపు అగ్నిని రగిలిస్తుందని, మితిమీరితే గొంతునూ రొమ్మునూ మండిస్తుందని చరకసంహిత ఏనాడో చెప్పింది; పులుపుల్లో దానిమ్మను, ఉసిరికను వేరుగా నిలిపింది, అలవాటైన ఆహారం దేహానికి ఒదుగుతుందన్న ఓకసాత్మ్యాన్నీ గుర్తించింది. రాగి, మజ్జిగలతో పెరిగిన దేహానికి ఈ చివరి సూత్రం సీసా మీది ప్రశంసలకంటే పనికొస్తుంది.

ఇంత చర్చలోనూ ఒక వస్తువు విచారణకు రాకుండా తప్పించుకుంటుంది, అది నీరు. ఈ పీఠభూమిలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉంటుంది. అది పళ్లనూ ఎముకలనూ పాడుచేయడమే కాక వికారం, కడుపునొప్పి, ఆకలి మందగించడం వంటి బాధలనూ కలిగించగలదు. అలాంటి ఊళ్లో రోగి కంచంలో రజస్తమస్సులను వెతికే గురువు గానీ, వినెగర్ సీసా చేతికిచ్చే సలహాదారు గానీ ముందుగా అడగవలసింది, ఆ ఇంటికి తాగే నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయని.