ద్యూతంలో వరుస: ద్రౌపది ప్రశ్న

పలువురు కలిసి అంతర్జాలంలో ఆడే వ్యూహక్రీడల్లో తరచు వచ్చే తగవు ఎత్తుల వరుసను గురించినది. ‘సివిలైజేషన్’ వంటి ఆటలో అందరూ ఏకకాలంలో కదిలే పద్ధతిని ఎంచుకుంటే, ఎవరి ఆజ్ఞ ముందు సర్వర్‌కు చేరితే వారి దెబ్బే ముందు పడుతుంది. వ్యూహం కాదు, చేతివేగం గెలిచిందని ఓడినవాడు అంటాడు. నియమం తెలిసే కూర్చున్నావు కదా అని గెలిచినవాడు అంటాడు. ఈ రెండో మాట చాలదని నా అభిప్రాయం. అది దుర్యోధనుడూ అనగలిగినదే.

పదకొండవ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ద్యూతఘట్టానికి కీలకం ఇటువంటి వరుస తగవే. ధర్మరాజు ముందుగా ఓడినది తనను తానా, ద్రౌపదినా? పాచికలు ఎలా పడ్డాయన్నది ఆమె అడగలేదు. తన్ను తాను ఓడినవానికి మరొకరిని పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా అన్నదే ప్రశ్న. వరుస ఇక్కడ ఆట సౌకర్యం కాదు. ఎత్తు వేయడానికి అర్హతను నిర్ణయించేది అదే. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. ఆమెను ఒడ్డమని ప్రేరేపించినవాడు ఎదుటి పక్షపు శకునియేనని వికర్ణుడు అదనంగా గుర్తుచేశాడు. కర్ణుడు అతణ్ణి పసివాడని తోసిపుచ్చి, సర్వస్వం ఒడ్డినప్పుడే ఆమె అందులో చేరిందన్నాడు. ఇది సమాధానం కాదు, వరుస ప్రశ్ననే చెరిపివేసే యుక్తి.

నేటి యంత్రానికి భీష్ముని సందిగ్ధత లేదు. ఏది ముందో అది క్షణాంశాలతో సహా చెప్పగలదు. కోనసీమలో కూర్చున్న ఆటగాని ఆజ్ఞ దూరదేశపు సర్వర్‌కు ఆలస్యంగా చేరినందువల్ల అతని వంతు పోవడం న్యాయమా అన్నది మాత్రం ఆడేవారే తేల్చుకోవాలి, అదీ ఆట మొదలుకాకముందే.