హద్దును ఎవరిపై కొలవాలి?

కర్మాగారం నదిలోకి వదిలే నీటిలో ఏ లోహం ఎంత ఉండవచ్చునో చట్టం చెబుతుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలలో 1993లో చేర్చిన సాధారణ ప్రమాణాలు లీటరుకు 3 మిల్లీగ్రాముల రాగిని, 2 మిల్లీగ్రాముల కాడ్మియంను అనుమతించాయి. ఒక జీవపరీక్షను కూడా విధించాయి: ఆ నీటిలో వేసిన చేపలలో 96 గంటల తరువాత 90 శాతం బతికి ఉండాలి. ఇదంతా శాస్త్రవిషయమనీ, ఇందులో నీతి ప్రసక్తి లేదనీ చాలామంది అభిప్రాయం. కాని హద్దు ప్రకృతి గీసిన గీత కాదు. ఎవరికి ఎంత హాని జరిగితే సహించవచ్చునో సమాజం ఇచ్చిన తీర్పు అది. అందులో కొలబద్ద ఎవరన్నదే అసలు ప్రశ్న.

గోదావరిలోని నీలకంఠ రొయ్యను తీసుకోండి. తల్లి రొయ్య గుడ్లతో నది మొగ వైపు దిగివస్తుంది. దాని డింభకాలు ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతాయి. అవి 11 దశలు దాటి, సుమారు నెల రోజులకు రొయ్యపిల్లలవుతాయి. ప్రతి దశలోనూ పాత పెంకు విడిచి కొత్తది కట్టుకోవాలి. లోహాలు కుళ్లి నశించేవి కావు. ఒండ్రును పట్టుకుని అవి చేరేది కూడా ఆ మొగకే.

పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి. కాల్షియం వచ్చే దారినే కాడ్మియం దేహంలో చొరబడుతుంది. రాగి సంగతి మరీ విచిత్రం. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగే. అది మితిమీరితే విషం. పరిమాణం మారి గుణం మారడమంటే ఇదే గదా! అయితే ఆ మలుపు ముదురు రొయ్య కన్న డింభకానికి ఎంతో ముందుగా వస్తుంది. చావకపోయినా పెంకు విడవడం ఆలస్యం కావచ్చు, ఈత తప్పవచ్చు. ఈత తప్పినది చేప నోట పడుతుంది. 96 గంటల లెక్కలో అది బతికినదే. నదిలో మాత్రం లేదు.

పరిశ్రమలు వద్దా అని అడుగుతారు. కావాలి. రాగి తీగ లేనిదే పల్లెకు దీపం లేదు. కాని మురుగును సరిగా శుద్ధి చేయక మిగుల్చుకున్న ఖర్చు మాయం కాదు. ఖాళీ వలతో ఇల్లు చేరిన జాలరి దానిని చెల్లిస్తాడు. లాభం ఒకరిది, నష్టం మరొకరిది అయినచోట "సహించదగిన హాని" అనే మాట ఎవరి నోట పుట్టిందో విచారించక తప్పదు.

ఇది రొయ్యలతో ఆగే సంగతీ కాదు. జపానులోని మినమాతాలో పాదరసం చేరిన చేపలు తిన్న తల్లులలో కొందరు ఆరోగ్యంగానే కనిపించారు. వారి బిడ్డలు మాత్రం నరాల వ్యాధితో పుట్టారు. గర్భంలోనే ఆ విషం సోకిందని 1962లో తేలింది.

ఎదిగిన ప్రాణి తట్టుకున్నదన్నది న్యాయానికి రుజువు కాజాలదు. ఎదుగుతున్న ప్రాణి నిలబడగల హద్దే న్యాయమైన హద్దు.