ప్రజాప్రయోజనం: యెవరు ప్రజ?

వేగాన్ని నేను ద్వేషించను. రైలును తిట్టి యెద్దుబండిని కీర్తించడం అభ్యుదయం కాదు. నన్ను వేధించే ప్రశ్న వేరు: ప్రజల పేరిట భూమి తీసుకొన్నప్పుడు, దాన్ని పోగొట్టుకొన్నవాడు ప్రజల్లో వొకడా, కాడా?

ముంబయి–అహ్మదాబాదు బుల్లెట్ రైలుకు 2017లో శంకుస్థాపన జరిగింది. దారి 508 కిలోమీటర్లు. తొలి అంచనా సుమారు 1,08,000 కోట్లు. అందులో 81 శాతం జపాను అప్పు. వడ్డీ 0.1 శాతమే. కాని ఆ అప్పు తీర్చేవారిలో, ఆ రైలు యెన్నడూ యెక్కని కూలీ కూడా వున్నాడు.

విక్రోలీ భూమికి నిర్ణయించిన 264 కోట్ల పరిహారాన్ని గోద్రెజ్ సంస్థ సవాలు చేసింది. 2023లో బొంబాయి హైకోర్టు కాదన్నది. 2013 చట్టం చెప్పిన సామాజిక ప్రభావ పరిశీలన యేదని గుజరాతు రైతులు అడిగారు. 2016లో రాష్ట్రం చేసిన సవరణ అందుకు మినహాయింపు యిచ్చింది. 2019లో హైకోర్టు వారినీ కాదన్నది. చట్టం యిద్దరినీ సమానంగా చూసిందంటారు. త్యాగం సమానమా? సంస్థకు భూమి ఆస్తిపట్టికలో వొక పద్దు. రైతుకు అదే కూడు, అదే వూరు.

పరిహారం భూమికి వెల కట్టగలదు. మాట అడగకుండా తీసుకొంటే కలిగే అవమానానికి కట్టలేదు. తీర్పుతో వివాదం ముగుస్తుంది, ఋణం ముగియదు. రేపు నేను టిక్కెట్టు కొంటాను. నాకంటె ముందే వెల చెల్లించినవాడు వొకడున్నాడు. అతని మాట వినకుండా నిర్ణయించినది ప్రభుత్వప్రయోజనం కావచ్చు, ప్రజాప్రయోజనమని నేననలేను.