అడగకుండా తీసుకున్న కొసరు

1999లో కాలిఫోర్నియాకు చెందిన డేవిడ్ ఫిలిప్స్ అనే సివిల్ ఇంజినీరు 12,150 పుడ్డింగు కప్పులు కొన్నాడు. తీపి మీద మోజుతో కాదు. తమ సరుకుల బార్‌కోడ్‌లు పది పంపితే 500 విమాన మైళ్లు ఇస్తామని ‘హెల్దీ చాయిస్’ పేరుతో ఆహార పదార్థాలు అమ్మే కంపెనీ ప్రకటించింది. మే నెలాఖరులోగా పంపితే రెట్టింపు. కప్పు పావు డాలరుకే దొరికే దుకాణాలు ఫిలిప్స్ కంటపడ్డాయి. సుమారు 3,140 డాలర్లతో 12 లక్షలకు పైగా మైళ్లు మూటగట్టుకున్నాడు.

తప్పేముంది? షరతు రాసింది కంపెనీ, లెక్క చూసుకున్నది అతను. అయితే ఇంత పుడ్డింగు ఎందుకని కొట్లో అడిగితే, 2000 రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయట, అందుకే నిల్వ చేసుకుంటున్నానని చెప్పాడు. కిటుకు పక్కవాళ్లకు తెలియకూడదని.

ఇలాంటివాటిని తూచడానికి ఓ పాత కొలత ఉంది. బౌద్ధుల పంచశీలాల్లో రెండోదాన్ని ‘దొంగతనం చేయకు’ అని తేల్చేస్తాం గానీ, పాళీ మాట ఇంకా పదునైనది: అదిన్నాదానం, అంటే ఇవ్వనిది తీసుకోవడం. దానికి వ్యాఖ్యాతలు ఐదు అంగాలు చెప్పారు. వాటిలో గుండెకాయ లాంటిది థేయ్యచిత్తం, దొంగబుద్ధి. భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం ఓ ముచ్చటైన వెసులుబాటు కూడా ఇచ్చింది. చనువున్న స్నేహితుడి వస్తువును చెప్పకుండా తీసుకోవచ్చు. కాకపోతే ‘నేను తీసుకున్నానని తెలిస్తే సంతోషిస్తాడు’ అన్న నమ్మకం ఉండాలి.

కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరు అడగడం అందరం చేసేదే. బండివాడు విసుక్కుంటూనే నాలుగు రెబ్బలు సంచిలో పడేస్తాడు. అడిగింది ఎదురుగా, ఇచ్చింది తన చేత్తో. అతను అటు తిరిగినప్పుడు అవే నాలుగు రెబ్బలు లాగేస్తే దాన్ని కొసరు అనం.

అలాగని కంపెనీలు నోట్లో వేలుపెడితే కొరకలేనివేం కావు. 1992లో బ్రిటన్‌లో హూవర్ సంస్థ 100 పౌండ్ల సరుకు కొన్నవారికి రెండు విమాన టికెట్లు ఉచితమంది. మొదట యూరప్‌కు, తర్వాత ఏకంగా అమెరికాకు. ఫారాలు, గడువులు, షరతులు చూసి చాలామంది విసిగి వదిలేస్తారని కంపెనీ అంచనా. జనం వదల్లేదు. టికెట్ల కోసమే అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్లు ఎగబడి కొన్నారు. నష్టం దాదాపు 5 కోట్ల పౌండ్లు. ఇస్తానంటూనే ఇవ్వాల్సిన అవసరం రాదని ఆశపడటంలోనూ థేయ్యచిత్తం ఉంది. అది కౌంటరుకు అటువైపూ కూర్చుంటుంది.

మొదటి ఆర్డరు తగ్గింపు కోసం ఇంట్లోవాళ్లందరి ఫోన్ నంబర్లతో కొత్త ఖాతాలు తెరవడం ఇప్పుడు మనకు మామూలైంది. చూడటానికి ఫిలిప్స్ కిటుకులాగే ఉంటుంది. కానీ అతని బార్‌కోడ్‌లు అసలువి, షరతును తు.చ. తప్పకుండా పాటించాడు. ఇక్కడ ‘నేను కొత్త కస్టమర్‌ని’ అన్నదే అబద్ధం, ధర తగ్గింది ఆ అబద్ధానికే. మరి ఫిలిప్స్ కొట్లో ఆడిన అబద్ధం? దానితో కప్పు ధర ఒక్క సెంటు కూడా తగ్గలేదు. దాని బరువు పడింది కంపెనీ మీద కాదు, వెనక వరుసలో నిలబడ్డ సాటి కొనుగోలుదారు మీద.

అన్ని కప్పుల లేబుళ్లు ఒలవడం ఇంటిల్లిపాదికీ తలకు మించిన పనైంది. ఫిలిప్స్ ఆ పుడ్డింగును సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థకు దానమిచ్చాడు; బదులుగా అక్కడి వలంటీర్లు బార్‌కోడ్‌లు ఒలిచిపెట్టారు. దానం పేరిట పన్నులో 815 డాలర్ల మినహాయింపు కూడా కలిసొచ్చింది. లేబుళ్లు తనకు కావాలని వాళ్లకు ముందే చెప్పాడు. ఆ బేరం మాత్రం ఎదురెదురుగానే జరిగింది.