పరాయి పట్టణమును ఇల్లు అనవచ్చునా?

ధ్యాన భాగములు: యిర్మీయా 29:4-7, దానియేలు 1, 2, 4, 6 అధ్యాయములు



మన సంఘములలో చదువునకో ఉద్యోగమునకో బిడ్డను హైదరాబాదునకు పంపిన ఇండ్లు అనేకములు గలవు. సెలవులకు వచ్చిన బిడ్డ మూడవ దినమున సంచి సర్దుకొనుచు, హాస్టలు గదినిగూర్చి “ఇంటికి పోయివచ్చెదను” అనినయెడల తల్లి మనస్సు చివుక్కుమనును. అది కృతఘ్నతయా? ఈ ప్రశ్న మమ్మును పట్టుకొనినది మన పిల్లలవలన గాదు, సముద్రము దాటి వచ్చిన ఒక విద్యార్థివలన.

కొంతకాలము క్రిందట పనిమీద హైటెక్ సిటీ ప్రాంతమునకు పోయియుంటిమి. 1998లో సైబర్ టవర్స్ తెరువబడిన పిదప మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి గ్రామముల రూపే మారిపోయెను. అద్దాల మేడల నడుమ అక్కడక్కడ మిగిలిన బండరాళ్లను చూచినప్పుడే మాకు ప్రాణము లేచివచ్చెను. అవి మన ఊరి గుట్టల వంటివే. ఆ ప్రాంతముననే 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. అందు చదువుకొనుచున్న ఐతియొపీయ దేశపు యువకునితో ఒక సాయంకాలము మాటలాడితిమి. (ఫిలిప్పు ఎక్కిన రథము మాకు జ్ఞాపకమురాక మానలేదు.)

మొదటి ఆరు మాసములు ఆ పట్టణమును ద్వేషించితినని అతడు దాచక చెప్పెను. అతని ఊరు అడ్డిస్ అబాబా ఎత్తైన చల్లని చోటు. ఇక్కడి మే నెల ఎండ అతనిని కృంగదీసెను. హారనుల మోత నిద్ర పట్టనియ్యలేదు. గది అడుగబోయిన చోట్ల కొందరు యజమానులు అతని రంగు చూచి ఖాళీ లేదనిరి. ఆ గుమ్మములలో ఒకదానిపై సిలువ గుర్తు ఉండెనట. మేము తల వంచుకొంటిమి. చేతి గడియారమును అతడు మన వేళకు మార్చనేలేదు. అది తన దేశపు వేళను, మనకు రెండున్నర గంటలు వెనుకగా, చూపుచుండెను.

వీధి చివర టిఫిను బండి పెట్టుకొనిన ఒక పెద్దామె యొద్ద అతడు దోసె తినుచుండెను. వారి దేశమున టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి ఇంజెరా అను పలుచని రొట్టె కాల్చుకొందురు. దోసెలోని పులుపు అతనికి అమ్మ వంటను తలపించెను. మూడు దినములు జ్వరముతో రాకపోగా, ఆమె మనుమనిచేత ఇడ్లీలు పంపి డబ్బు పుచ్చుకొనలేదు. ఇందుచేత అతడు పట్టణమును ప్రేమించెనని మీరు తలంచుదురు. లేదు, కృతజ్ఞుడాయెను, అంతే. పిమ్మట ఆ మనుమనికి సాయంకాలములు లెక్కలు చెప్పసాగెను. తప్పుచు వచ్చిన పిల్లవాడు ఉత్తీర్ణుడైన దినమున, ఈ వీధి నాదే అనిపించెనట.

ఆ దినములలోనే తల్లితో ఫోనులో మాటలాడుచు, “ఇంటికి చేరితిని” అనెను. వారి భాషలో ఇల్లు అనగా బేత్. బేత్లెహేము అను పేరులోనున్న మాటయే. తల్లి చాలసేపు పలుకలేదు. “నేను ఆమెకు ద్రోహము చేసితినా?” అని అతడు మమ్మును అడిగెను. మా యొద్ద సిద్ధమైన జవాబు లేకపోయెను. తిరుగు ప్రయాణమున బస్సులో కూర్చుండి ఆలోచించితిమి.

చెరపట్టబడినవారికి యిర్మీయా వ్రాసిన పత్రికలో, బబులోనును ప్రేమించుడని లేదు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కోరుడి, దానికొరకు ప్రార్థించుడి అని ఉన్నది. చేతికి పని ముందు చెప్పబడెను. హృదయము ఎప్పుడు వచ్చినను సరే. అయితే 137వ కీర్తనలో నదీతీరమున ఏడ్చినవారిని మేము తప్పుపట్టజాలము. ఏడ్వవలసిన కాలము వారికుండెను, ఈ యువకునికి ఆరు మాసములుండెను.

దానియేలును చూడుడి. అతడును పరదేశమున చదివిన విద్యార్థియే. కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనెను; బెల్తెషాజరు అను క్రొత్త పేరుకు పలికెను; రాజు భోజనము మాత్రము ముట్టలేదు. బబులోను జ్ఞానులను చంపబోగా వారిని చంపవద్దని వేడుకొనెను. నెబుకద్నెజరు స్వప్నములో అతని పతనము కనబడినప్పుడు సంతోషింపక, కలతచెంది, ఆ కీడు రాజు శత్రువులకు కలుగవలెనని కోరెను. తన ఆలయమును దోచిన రాజుకొరకు ఈ కలత ఎక్కడిది? అయినను అతని మేడగది కిటికీలు యెరూషలేము తట్టు తెరువబడియే యుండెను, దినమునకు ముమ్మారు. కన్న ఊరిని నిజముగా మరచిన బిడ్డలును కలరు, కాదనము. వారి కిటికీ ఎన్నడో మూయబడినది. గదిని ఇల్లు అనినందువలన మూయబడలేదు.

ఇదంతయు అతనికి జాబు వ్రాసితిమి. జవాబు వచ్చెను. టిఫిను బండి సంగతి తల్లికి మొదటినుండి చెప్పెనట. ఆమె ఇడ్లీలు పంపిన పెద్దామె పేరు అడిగి, నోరు తిరుగక ముమ్మారు పలికించుకొని, ప్రార్థనలో తలంచుటకు కాగితముపై వ్రాసికొనెనట. గడియారము ఇంకను ఆమె వేళకే నడుచుచున్నది.